నూకరత్నం పెరట్లో చిన్నరకం కుక్కలు

పెదగరువు పట్నంలో నర్సు నూకరత్నం సూది దిగని చెయ్యి లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆ ఊరికి టీకాలు వేసి, పురుళ్లు పోసి, రిటైరై ఇంట్లో కూర్చుంది. ఇప్పటికీ బజార్లో ఆవిడ ఎదురైతే మీసాలు నెరిసిన మగాళ్లు కూడా తమకి తెలియకుండానే భుజం తడుముకుంటారు. భర్త పోయి ఎనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా రెండు గదుల ఇల్లు, పెరట్లో రెండు జామచెట్లు, పొద్దున్నే వచ్చే ఆదెమ్మ.

ఆ జామకాయలు పేరుకే నూకరత్నానివి, నిజానికి ఆదెమ్మవి. ఆదెమ్మ ముగ్గురు పిల్లల్నీ భూమ్మీద పడేసింది నూకరత్నమే. ఆ చనువుతో ఆదెమ్మ రోజూ తెల్లారి వచ్చి పెరడు ఊడ్చి, కాయలు కోసుకుని, ఆడపిల్లల హైస్కూలు గేటు దగ్గర కూర్చుని ఉప్పూకారం అద్ది అమ్ముతుంది. ఇద్దరి మధ్యా బేరం లేదు. కాయలు కోసేంతసేపూ ఆదెమ్మ ఊళ్లో కబుర్లన్నీ చెబుతుంది, గట్టు మీద కూర్చుని నూకరత్నం వింటుంది. రోజు మొత్తమ్మీద ఆవిడతో మనిషన్నవాళ్లు మాట్లాడేది ఆ గంటసేపే.

ఈ ఏర్పాటు బాగానే నడుస్తుండగా ఉడుతలు వచ్చాయి. అంతకుముందూ ఉండేవి, కానీ ఒకటో రెండో. ఆ ఏడు పన్నెండు. ఉడుత అనేది ఒక కాయ పట్టుకుని అదే పూర్తిగా తిని పోయే జీవి అయితే ఎవరికీ బాధ లేదు. అది ఒక కాయని రెండు కొరుకులు కొరికి, రుచి చూసి, తోక ఊపి, పక్క కాయకి వెళుతుంది. దానికి నచ్చలేదనీ కాదు, నచ్చిందనీ కాదు. సంబంధాలు చూడ్డానికి వచ్చిన పెళ్లివారిలాగా అన్నీ ముట్టుకుని ఏదీ తేల్చదు.

నూకరత్నం పాత చీరలు చెట్టుకి చుట్టింది. ఉడుతలు వాటి దారాలు పీక్కెళ్లి గూట్లో పరుచుకున్నాయి. ఆదెమ్మ డబ్బాలో రాళ్లు పోసి కొమ్మకి కట్టి తాడు లాగితే, మొదటిరోజు పారిపోయాయి, రెండోరోజు ఆగి చూశాయి, మూడోరోజు డబ్బా మీదే కూర్చున్నాయి. పక్కింటి పిల్లికి పాలు పోసి తీసుకొచ్చారు. అది పాలు తాగి చెట్టు కింద నిద్రపోయింది.

ఒకరోజు ఆదెమ్మ చెట్టంతా వెతికి బుట్ట కింద పెట్టింది. అందులో కొరకని కాయలు పదకొండు.

"అప్పా, పదకొండు కాయలట్టుకుని బడికాడ కూకుంటే పిల్లలు నవ్వుతారు," అంది.

"ఉండు. దరఖాస్తు పెడతాను," అంది నూకరత్నం.

"ఉడుతల మీదా?"

"మునిసిపాలిటీ ఉన్నది దేనికి?"

ముప్ఫయ్యొక్క ఏళ్లు సర్కారు కొలువు చేసినావిడకి దరఖాస్తు మీద నమ్మకం ఉండడం తప్పు కాదు. సోమవారం నాడు ఇస్త్రీ చీర కట్టుకుని, ఫిర్యాదుల దినానికి వెళ్లింది.

కౌంటర్లో కంప్యూటర్ ముందు శ్రావణి అనే అమ్మాయి కూర్చుని ఉంది. మర్యాదస్తురాలు. దరఖాస్తు అంతా చదివి, తెర మీద పైకీ కిందికీ వెతికింది.

"ఉడుత లేదండి ఇందులో."

"మరి ఏమున్నాయమ్మా?"

"దోమ, ఈగ, పంది, కోతి, కుక్క."

"ఇతరములు అని ఒకటుంటుంది కదా. అందులో వెయ్యి."

"తీసేశారండి. ఇతరములలో వేసినవి ఏవీ పరిష్కారం కావట్లేదని కొత్త కమిషనర్ గారు ఇతరములనే తీయించేశారు. ఇప్పుడు పెండింగు ఒక్కటి కూడా లేదు."

నూకరత్నం కాసేపు ఆలోచించింది. ఆ అమ్మాయి కూడా నిజంగా సాయం చేద్దామనే ఆలోచించింది.

"ఎగురుతుందాండి?"

"గెంతుతుంది."

"కుడుతుందా?"

"కొరుకుతుంది."

"కొరికితే కుక్కేనండి," అంది శ్రావణి, దారి దొరికినందుకు సంతోషిస్తూ. "పెద్దరకం, మధ్యరకం, చిన్నరకం అని మూడున్నాయి. చిన్నరకం వేస్తాను. కాటు పడ్డవాళ్ల పేరు?"

"జామకాయలమ్మా. మనుషుల్ని ఏమీ చెయ్యవవి."

"ఇంటిపేరు లేకపోతే తీసుకోదండి."

నూకరత్నం తన ఇంటిపేరే చెప్పింది. అలా ఆ మధ్యాహ్నం పన్నెండూ పదికి, 'బొడ్డు జామకాయ, వయసు మూడు నెలలు' అనే వ్యక్తిని చిన్నరకం కుక్క కరిచినట్టు పెదగరువు పురపాలక సంఘంలో నమోదైంది. రసీదు తీసుకుని నూకరత్నం తృప్తిగానే ఇంటికొచ్చింది. రసీదు మీద ఏం రాసుందన్నది ఆ రోజుల్లో ఆవిడ పట్టించుకోలేదు. రసీదు ఇచ్చారు, అంతే చాలనుకుంది.

మూడోరోజు శానిటరీ ఇన్‌స్పెక్టర్ లోకనాథం వచ్చాడు. వెంట టీకామందు ఐసుపెట్టె మోస్తూ ఒక ఉద్యోగి. లోకనాథం యాభై ఎనిమిదేళ్ల మనిషి, నోట్లో మాట కన్నా ముందు ఫైలు తెరిచే అలవాటు.

"కాటు బాధితులు ఎక్కడమ్మా?"

నూకరత్నం కొరికిన కాయల బుట్ట చూపించింది. లోకనాథం అందులోకి తొంగి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు, ఆశ్చర్యమూ లేదు. కాగితం మీద ఏది ఉందో అది బుట్టలో ఉంది, అంతవరకు సక్రమం.

"నిబంధనల మేరకు ఒక్కొక్క బాధితుడికి అయిదు డోసులు," అన్నాడు.

"లోకనాథంగారూ, నేను లక్ష సూదులు వేసినదాన్ని. జామకాయకి భుజం ఎక్కడుంటుందో మీరు చూపించండి, నేనే వేస్తాను."

లోకనాథం మార్గదర్శకాల పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. "ఆ విషయమై ఇందులో స్పష్టత లేదు. పైకి రాస్తాను. ఈలోగా సదరు బాధితుల్ని పది రోజులు పరిశీలనలో ఉంచండి. నీళ్లంటే భయపడడం, వెలుతురుకి ముడుచుకుపోవడం లాంటి లక్షణాలు కనిపిస్తే వెంటనే కబురు పంపండి."

"ఆ కాయలు రేపటికి కుళ్లిపోతాయి."

"అది కూడా లక్షణంగానే నమోదు చేస్తాం."

"సరే, కాయల సంగతి వదలండి. ఉడుతల్ని ఏం చేస్తారు?"

"కుక్కలకి ఏది వర్తిస్తుందో అదే. పట్టడం, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయడం, పట్టిన చోటే తిరిగి వదలడం."

"పట్టిన చోటే వదిలేటట్టయితే పట్టడం ఎందుకండీ?"

"వదలాలి కదమ్మా," అన్నాడు లోకనాథం ఓపిగ్గా, "పట్టకుండా ఎలా వదులుతాం?"

అక్కడితో అయిపోయినా బాగుండేది. కానీ ఆ వారం నివేదికలో కమిషనర్ గారి కంట ఒక వరస పడింది. రాష్ట్రంలో ఏ పట్నంలోనూ లేని 'చిన్నరకం కుక్క' పెదగరువులో నమోదైంది. వీధికుక్కల సంతాన నియంత్రణలో ముందున్న పట్నానికి ఏటా ఒక బహుమతి ఇస్తారు. కమిషనర్ గారు చురుకైన మనిషి, చిన్న వయసులోనే పెద్ద ఆశలున్నవారు. పెద్దరకం కుక్కల్ని పట్టబోతే కరుస్తున్నాయి, కరిపించుకున్న సిబ్బంది సెలవు పెడుతున్నారు. చిన్నరకంతో ఆ చిక్కు లేదు. పైగా ఊరినిండా ఉన్నాయి.

సమావేశం పెట్టి ఆయన ఇలా అన్నారట: "ఇన్నాళ్లూ మనం చిన్నరకాన్ని చిన్నచూపు చూశాం. ఇకపై ప్రతి వార్డులోనూ చిన్నరకం కుక్కలను గుర్తించి, శస్త్రచికిత్స గావించి, సగౌరవంగా స్వస్థలానికి చేర్చాలి."

పది రోజుల్లో వీధివీధినా బ్యానర్లు లేచాయి. బ్యానరు మీద ఒకవైపు కమిషనర్ గారి బొమ్మ, రెండోవైపు వీపు మీద మూడు చారలున్న కుక్క బొమ్మ. పట్టే పని ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఏజెన్సీవాళ్లు నెలరోజులు చెట్లెక్కారు, దిగారు. చివరికి మొత్తం నాలుగు వందల పన్నెండు పట్టినట్టు రిజిస్టరులో రాశారు.

ఇక స్వస్థలానికి చేర్చడం. కంప్యూటర్లో చిన్నరకం కుక్కకి ఉన్న చిరునామా ఒక్కటే. అది నూకరత్నం ఇల్లు. వేరే చిరునామా చేర్చాలంటే వేరే ఫిర్యాదు కావాలి, పరిష్కారమైన సమస్య మీద కొత్త ఫిర్యాదు తీసుకోకూడదు. కాబట్టి నాలుగు వందల పన్నెండింటికీ స్వస్థలం నూకరత్నం పెరడే అయింది.

వదిలే రోజున ఆవిడ ఇంటిముందు షామియానా వేశారు. గుడ్డలు కప్పిన ఇరవై బోనులు తెచ్చి జామచెట్టు కింద వరుసగా పెట్టారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించారు. బోనుల తలుపులు ఎత్తారు. ఎనిమిది ఉడుతలు బయటికొచ్చాయి. చివరి బోనులోంచి ఒక పందికొక్కు వచ్చి, జనాన్ని చూసి, మళ్లీ బోనులోకే వెళ్లిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చిన ఎనిమిదీ ఆ చప్పట్లకి బెదిరి గోడ దూకి పోయాయి. చెట్టు మీదున్న పన్నెండూ ఇదంతా వింతగా చూశాయి.

నూకరత్నం లోకనాథం దగ్గరికి వెళ్లింది. "ఎనిమిదే కదండీ?"

"నాలుగు వందల పన్నెండమ్మా. చిన్నరకం కదా, కంటికి ఆనవు."

మర్నాడు పొద్దున్న చెట్టుకి ఒక రేకు బోర్డు కొట్టి ఉంది. 'చిన్నరకం కుక్కల ఆహార మండలం. ఇచ్చట శునకములను అదిలించుట, తరుముట, వాటి ఆహారమును తొలగించుట నేరము.' కాపలాకి ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదెమ్మ ఎప్పట్లాగే వచ్చి నాలుగు కాయలు కోసేసరికి అతను లేచి బుట్ట లాక్కున్నాడు.

"ఏటిది? నా బుట్ట నాకియ్యి," అంది ఆదెమ్మ.

"స్వాధీనం చేసుకున్నాం. కుక్కల తిండి ఎత్తుకెళ్తున్నావు."

"కుక్కలు జాంకాయలు తింటాయేట్రా?"

"బోర్డు చదువుకో."

"నాకు సదువు రాదు. నీకొచ్చు కదా, నువ్వు సదివే కూకున్నావా ఇక్కడ?"

గొడవ విని నూకరత్నం బయటికొచ్చింది. కాపలా మనిషికి నచ్చజెప్పింది, కసిరింది, నీ టీకాలన్నీ నేనే వేశానని గుర్తుచేసింది. అతను తలొంచుకుని నిలబడ్డాడు తప్ప బుట్ట ఇవ్వలేదు. అందులో నాలుగు కాయలున్నట్టు అప్పటికే రాసేశాడు.

ఆదెమ్మ కొంగు దులుపుకుంది. కోపంగా లేదు. అదే నూకరత్నానికి కష్టంగా తోచింది.

"నువ్వు మంచికే రాసినావప్పా. కాదన్ను. కానీ ఉడుతలు కాయకి రెండు కొరుకులే కొరికీవి. నీ కాయితం కాయంతా మింగీసింది."

ఆ మాటన్నాక ఆదెమ్మ ఆ ఇంటికి రావడం మానేసింది.

తర్వాత రోజుల్లో నూకరత్నం పెరడు తనే ఊడ్చుకుంది. ఊడుస్తుంటే చీపురు ఉడుతలకి తగులుతుందేమోనని కాపలా మనిషి వెంట నడిచేవాడు. కాయలు పండి రాలాయి, రాలి పులిశాయి, ఈగలు ముసిరాయి. ఈగల మీద వేరే ఫిర్యాదు పెట్టమన్నాడతను. పెట్టలేదావిడ.

ఒకరోజు మందులషాపు దగ్గర ఆదెమ్మ కనిపించింది. వేళ్లు నల్లగా, చర్మం పొరలుపొరలుగా లేచి ఉంది. జీడిపిక్కల షెడ్డులో పిక్కలు కొట్టే పనికి వెళుతోందిట. జీడి నూనె చేతికి అంటితే నిప్పు అంటినట్టే. నర్సుకి ఒకరు చెప్పక్కర్లేదు.

"గ్లౌజులు ఇవ్వరా?"

"ఏసుకుంటే పని సాగదప్పా. అయినా నీకెందుకులే," అని ఆయింటుమెంటు ట్యూబు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

నూకరత్నం ఆ పళంగా మునిసిపాలిటీకి నడిచింది. శ్రావణి గుర్తుపట్టి కుర్చీ వేసింది.

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానమ్మా."

శ్రావణి తెర చూసింది. ఆ అమ్మాయి గొంతులో నిజంగానే బాధ వినిపించింది. "మీరు తీసుకోలేరండి. ఫిర్యాదుదారు మీరే గానీ బాధితుడు వేరే. బొడ్డు జామకాయ గారే స్వయంగా వచ్చి వేలిముద్ర వెయ్యాలి."

"ఆయన కుళ్లిపోయి రెండు నెలలైంది."

"అయితే మరణ ధ్రువపత్రం ఉండాలండి. దానికి జనన ధ్రువపత్రం..."

నూకరత్నం లేచి వచ్చేసింది.

బహుమతి పరిశీలనకి రాజధాని నుంచి ఒక అధికారిణి వస్తున్నట్టు ఊళ్లో మైకు పెట్టి చెప్పారు. ముందురోజు సాయంత్రం లోకనాథం ఒంటరిగా వచ్చాడు. ఫైలు తెరవలేదు. వరండాలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. రెండు గ్లాసులు తాగాడు.

"రేపు మేడమ్ లెక్కపెడతారట నర్సమ్మగారూ. ఒకటీ ఒకటీ."

"పెట్టనివ్వండి. పన్నెండున్నాయి."

"రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు." ఒక టైపు కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. "పై సంఖ్య మేరకు శునకములు నా సంరక్షణలో క్షేమంగా ఉన్నవని మీరు సంతకం చేస్తే, ఆవిడ లెక్కపెట్టకుండా దీన్నే తీసుకునేటట్టు కమిషనర్ గారు మాట్లాడతారు."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే నాలుగు వందల మూగజీవాలు మీ పెరట్లోంచి మాయమైనట్టు. మీ పేరు మీద నమోదై ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పుకోవలసింది మీరు." ఇంకాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "నా మీదికీ వస్తుందనుకోండి. ఇంకో ఏడాదిన్నర సర్వీసుంది నాకు. రాసింది ఏజెన్సీవాళ్లు, కింద సంతకం నాది."

రిజిస్టరు ఒకసారి చూపించమంది నూకరత్నం. ఇచ్చాడు. నెలరోజుల లెక్క. అన్ని పేజీల్లోనూ ఒకే సిరా, ఒకే వాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఒకే మధ్యాహ్నం కూర్చుని, టీ తాగుతూ రాసిన రాత. రోజూ రాసే రిజిస్టరు ఎలా ఉంటుందో, నెలాఖర్న ఒకేసారి రాసింది ఎలా ఉంటుందో ఆవిడకి బాగా తెలుసు. తెలియడం ఎలాగంటే, ఒకప్పుడు తనూ రాసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి నెలకింత అని లెక్క కట్టి అడిగేవారు. లెక్క తగ్గితే డాక్టరుగారు అందరిముందూ నిలబెట్టి తిట్టేవారు. రెండేళ్లు ఓర్చుకుంది. మూడో ఏడు, ఊళ్లో లేని ఆడవాళ్ల పేర్లు ఆరు రాసింది. తనిఖీకి ఇంటింటికీ తిరిగినవాళ్లు ఆ ఆరుగురూ ఎక్కడని అడిగితే, ఒక సీనియర్ నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని చివరి గడిలో ఒక మాట రాయించింది. ఆ మాటతో తనిఖీ ముగిసింది. ఆ తర్వాత ఆవిడ అలాంటి రాత మళ్లీ రాయలేదు. కానీ ఆ ఆరు పేర్లూ ఇప్పటికీ వరసగా చెప్పగలదు.

రిజిస్టరు మూసి లోకనాథం చేతికిచ్చింది. సిగ్గుగా ఉంది ఆవిడకి, ఆయన తరఫునా, తన తరఫునా. "ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను. రేపు మేడమ్‌గారిని రానివ్వండి."

మర్నాడు పది గంటలకి మూడు కార్లు వచ్చాయి. అధికారిణి నలభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, చేతిలో ట్యాబు. కమిషనర్ గారు ఆవిడ పక్కనే నడుస్తూ చెబుతున్నారు: "మేడమ్, ఇక్కడ శునక సంక్షేమమూ శునక నియంత్రణా ఒకే ప్రాంగణంలో సమాంతరంగా ప్రవహిస్తున్నాయి."

మేడమ్ చెట్టుకేసి చూసింది. చెట్టు మీద ఒక ఉడుత కాయని రెండు కొరుకులు కొరికి కింద పడేసింది.

"ఇవి కుక్కలా?" అంది మేడమ్.

"చిన్నరకం," అన్నారు కమిషనర్ గారు.

మేడమ్ ట్యాబులో చూసింది. అక్కడా అలాగే ఉంది. తల ఊపింది. "మొత్తం నాలుగు వందల పన్నెండు ఉండాలి. నాకు పన్నెండే కనిపిస్తున్నాయి."

లోకనాథం జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

నూకరత్నం ముందుకొచ్చింది. చేతిలో నోటుపుస్తకం, స్కేలు పెట్టి గీసిన గడులు. "నమోదైనవి నాలుగు వందల పన్నెండు మేడమ్. ప్రస్తుతం ఉన్నవి పన్నెండు. చనిపోయినవి లేవు. వలస వెళ్లినవి నాలుగు వందలు."

"వలస?"

"అవునండి. మా వెనకవీధి కాలువ దాటితే చినగరువు మునిసిపాలిటీ. అటు వెళ్లాయి."

కమిషనర్ గారి ముఖం పాలిపోయింది. "తమ పట్నంలో ఉన్న సౌకర్యాలు కాదని అవి ఎందుకు వెళతాయి మేడమ్? ఇది మా సంఘంపై..."

"అసంతృప్తితో వెళ్లలేదండి," అంది నూకరత్నం. "ఆపరేషన్ అయినవాళ్లు మూణ్ణెల్లు బరువు పనులు చెయ్యకూడదు. విశ్రాంతికి పుట్టింటికి వెళ్లడం మా వైపు ఆనవాయితీ."

మేడమ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నూకరత్నాన్ని చూసింది. ఆ చూపులో ఏముందో పక్కవాళ్లకి తెలియలేదు. పదిహేనేళ్లు ఉద్యోగం చేసిన మనిషికీ ముప్ఫయ్యొక్క ఏళ్లు చేసిన మనిషికీ మధ్య జరిగిన సంగతి అది. తర్వాత ట్యాబులో వేలు పెట్టి కిందికి జరిపింది.

"వలస ఉంది," అంది. "కారణంలో 'కుటుంబపరం' ఉంది. సరిపోయింది."

కమిషనర్ గారు గట్టిగా ఊపిరి వదిలారు.

"కాకపోతే ఒకటి," అంది మేడమ్. "యాభైకి తక్కువ ఉంటే ఆహార మండలం హోదా ఉండదు. బోర్డు తీయించండి. వలస వెళ్లిన వాటి వివరాలు చినగరువుకి బదిలీ చేయండి."

బోర్డు పీకారు. మేకులు చెట్టులోనే ఉండిపోయాయి. కాపలా మనిషి కుర్చీ మడిచి, ఆదెమ్మ బుట్ట తిరిగిచ్చాడు. నాలుగు కాయలకి బదులు నాలుగు ఎండిన తొక్కలున్నాయి, లెక్క సరిపోయింది. వాటితో పాటు ఒక రసీదు ఇవ్వబోతే నూకరత్నం వద్దంది.

ఆ సాయంత్రమే జీడి షెడ్డు దగ్గరికి వెళ్లి నిలబడింది. పని వదిలాక ఆదెమ్మ బయటికొచ్చి ఆవిడని చూసి ఆగింది.

"బోర్డు తీసేశారు. రేపు రా."

"సేతులు సూసావా అప్పా? ఈ సేతుల్తో కోసిస్తే ఆ బడి గుంటలు తింటారా?"

నూకరత్నం ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. రెండు వారాలు నీళ్లు తగలకుండా ఉంటే కొత్త చర్మం వస్తుంది. "నువ్వు కూర్చుని బేరం చెయ్యి. నేను కోస్తాను."

"నువ్వా? బడికాడా?"

"ఏం, కత్తి పట్టుకోవడం నాకు రాదా?"

ఆదెమ్మ నవ్వలేదు గానీ చేతులు వెనక్కి లాక్కోలేదు. "గవర్నమెంటు నర్సు రోడ్డు మీద జాంకాయలు కోస్తే ఊరు ఏటంటాది?"

"నా మీద దరఖాస్తు పెట్టుకోమను."

అలా మర్నాటి నుంచి ఆడపిల్లల హైస్కూలు గేటు దగ్గర నూకరత్నం పీట వేసుకుని కూర్చుంది. కాయని ముందు ఉప్పునీళ్లలో కడిగి, ఉడుత కొరికిన చోట అరంగుళం మేర కోసి పారేసి, మిగతాది చీలికలు చేసేది. గాయం శుభ్రం చేసినంత శ్రద్ధగా చేసేది. పెరట్లో ఉడుతలు పన్నెండూ తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. కానీ ఆవిడ ఇలా కోయడం మొదలెట్టాక తెలిసింది, ఇన్నాళ్లూ రెండు కొరుకులకి భయపడి కాయంతా పారేశారని. బుట్టకి అరవై కాయలు వస్తున్నాయి.

పెదగరువుకి బహుమతి రాలేదు. చినగరువుకి వచ్చింది. వాళ్ల కమిషనర్ మరీ చురుకైనవాడు. బదిలీ మీద వచ్చిన నాలుగు వందల చిన్నరకం కుక్కల్నీ సంతోషంగా స్వీకరించినట్టు రాసి, వాటికి ఒక పార్కు కేటాయించి, ఆరు వారాలు తిరక్కుండానే వాటి సంఖ్య ఆరు వందల యాభైకి పెరిగిందని నివేదిక పంపాడు. వాటి ఆలనాపాలనా అంత బాగుందని ఆయన ఉద్దేశం. అది చదివిన పెదగరువు కమిషనర్ గారికి నిద్ర పట్టలేదు. ఆపరేషన్ అయినవి ఎలా ఈనాయి? ఈనితే ఆపరేషన్ జరగలేదని అర్థం. జరగకపోతే ఆ సంతకాలన్నీ ఏమిటని అర్థం? రెండు మునిసిపాలిటీల మధ్య ఉత్తరాలు నడిచాయి. పుట్టిన రెండు వందల యాభై పిల్లల తండ్రులు ఏ పురపాలక సంఘానికి చెందినవారో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో ఒక కమిటీ వేశారు.

ఒక మధ్యాహ్నం, బడి గంట కొట్టడానికి పావుగంట ముందు, లోకనాథం ఫైలు చంకన పెట్టుకుని బడి గేటు దగ్గరికి వచ్చాడు. ఆదెమ్మ చేతులు ఎప్పుడో మానాయి, అయినా నూకరత్నం పీట వదల్లేదు. ఉప్పూకారం ఆదెమ్మే కలుపుతోంది. ఎండలో నిలబడ్డ మనిషిని చూసి గొడుగు కిందికి జరిగి చోటిచ్చింది.

"కమిటీవారు మీ అభిప్రాయం అడుగుతున్నారు నర్సమ్మగారూ," అన్నాడు లోకనాథం. "ఈ విషయంలో సాంకేతిక పరిజ్ఞానం ఉన్నది జిల్లాలో మీ ఒక్కరికేనట. ఆపరేషన్ అయిన తరువాత కూడా సంతానం కలగడానికి కారణాలు ఏమై ఉండవచ్చును, అని ప్రశ్న. ఏమని రాయమంటారు?"

నూకరత్నం చేతిలో కాయని నాలుగు చీలికలు చేసి పళ్లెంలో పెట్టింది.

"ఒకసారి వెళ్లి ఆ ఉడుతల్ని చూడమని రాయండి."

లోకనాథం రాసుకున్నాడు. రాసింది చదువుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. చాలాసేపు ఆ వాక్యాన్నే చూసి, జేబులోంచి ఇంకో పెన్ను తీసి, అడ్డంగా కొట్టేశాడు.

"నిజమేనమ్మా," అన్నాడు, "కానీ ఈ మాట పైకి వెళితే, నిజంగానే వెళ్లి చూస్తారు."

ఆదెమ్మ ఒక చీలికకి ఉప్పూకారం అద్ది ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫైలు మోకాళ్ల మీద పెట్టుకుని, గొడుగు కింద ఇటుకరాయి మీద కూర్చుని, తినడం మొదలెట్టాడు. గంట కొట్టారు. పిల్లలు గేటులోంచి విరగబడి వచ్చారు.

"బాబూ, కాస్త జరగండి," అంది ఆదెమ్మ. "అమ్ముకునీ యేళ ఇది."